క్యారేజీ తెచ్చిన ఆడమనిషి

నా కుడిచేతికి మూడు వేళ్ళు లేవు. బొటనవేలు, చూపుడువేలు మాత్రం మిగిలాయి. కొత్తవాళ్ళు ఎవరైనా చూసి అయ్యో ఏమైందమ్మా అంటే బండ కింద నలిగిందని చెబుతాను. ఎట్లా నలిగిందని అడిగితే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ఎట్లా నలిగిందో నాకు తెలుసు, నా మొగుడికి తెలుసు, ఫ్యాక్టరీ సావుకారికి తెలుసు, ఆ పూట షెడ్డులో ఉన్న ఆడా మగా అందరికీ తెలుసు. ప్రభుత్వ కాగితంలో మాత్రం వేరే రాసి ఉంది. ఆ కాగితం ఎట్లా తయారైందో చెబుతాను. చెప్పకపోతే నాకు తిన్నది అరిగేలా లేదు.

డోన్‌కు అవతల నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలు వరసగా ఉంటాయి. పేరుకు ఫ్యాక్టరీలు, చూస్తే రేకుల షెడ్లు. గనిలోంచి వచ్చిన బండను కోసి, నున్నగా చేసి లారీలకు ఎక్కిస్తారు. అక్కడ పని జోడీ లెక్కన నడుస్తుంది. జోడీ అంటే ఇద్దరు మనుషులు, దాదాపు ఎప్పుడూ మొగుడూ పెళ్ళామే. పెద్ద బండను ఒకరు ఎత్తలేరు. చెరో పక్క పట్టుకుని మిషను మీద పెట్టాలి, కోసినాక దించాలి, మళ్ళీ పాలిష్‌కు మోయాలి. కూలి కూడా జోడీకే ఇస్తారు, వారానికి ఒకసారి, మగవాడి చేతికి. రిజిస్టరులో కూడా ఒక్క పేరే, అతనిదే.

ఇది మోసమని మీకు వెంటనే తోస్తుందేమో. నాకు తోచలేదు. నేను పుట్టింది జమ్మలమడుగు పక్కన మగ్గాల ఇంట్లో. మా నాయన బాగా నేస్తాడని ఊరంతా అనేవాళ్ళు గానీ మా అమ్మ గురించి ఆ మాట అన్నవాళ్ళను నేను చూడలేదు. అమ్మ తెల్లవారి లేచిన దగ్గర నుంచి నూలు తోడేది, కండెలు చుట్టేది, తెగిన పోగులు అతికేది. నాయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టే వేళకు అన్నీ సిద్ధం చేసి ఉంచేది. నూలు ఇచ్చే ఆసామి తన పుస్తకంలో నాయన పేరే రాసుకునేవాడు. అమ్మ కూడా తాను చేసేదాన్ని పని అనేది కాదు. "మీ నాయనకు సాయం చేస్తాండా" అనేది. ఆ మాట వింటూ పెరిగినదాన్ని, నాకు వేరే తెలివి ఎక్కడి నుంచి వస్తుంది?

నన్ను అమ్మ తమ్ముడికే ఇచ్చారు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిరునాళ్ళు చూపించిన మేనమామ. పెళ్ళయినా నేను మామా అనే పిలిచేదాన్ని, ఇప్పటికీ అట్లాగే పిలుస్తాను, అలవాటు పోదు కదా. మగ్గం కూడు పెట్టని కాలం వచ్చాక ముందు ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ పనికి పోదామనుకున్నాం. అక్కడ మగవాళ్ళకే పని అన్నారు. డోన్‌లో అయితే జోడీకి పని దొరుకుతుందని తెలిసి గిన్నెలు, గుడ్డలు మూట కట్టుకుని వచ్చేశాం. ఇద్దరం కలిసి చేసే పని అని నాకు లోపల సంతోషంగా ఉండింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, పెళ్ళయినాక ఆ మొదటి రెండేళ్ళే నాకు బాగా గడిచాయి.

బండ పట్టుకోవడంలో ఒక లయ ఉంటుంది. మామ "ఊఁ" అంటాడు, నేను ఎత్తుతాను. నేను "ఆఁ" అంటాను, అతను దించుతాడు. మధ్యలో మాట ఉండదు. మిషను రొదలో మాట వినబడదు కూడా. ఒకరి కాలు ఎటు పడుతుందో ఇంకొకరికి తెలిసిపోతుంది. మా జోడీ ఒక్క బండ కూడా పగలగొట్టదని సావుకారి వచ్చిన వాళ్ళకు చూపించి చెప్పుకునేవాడు.

రెండో ఏడాదో, మూడో ఏడాదో, ఒక రోజు గుమాస్తా వచ్చి, ఆడవాళ్ళ పేర్లు కూడా రిజిస్టరులో రాయాలంట, ఆధార్ కాగితాలు తెచ్చివ్వండి అన్నాడు. మా గుండెల్లో రాయి పడింది. అప్పటికే ఒక పుకారు తిరుగుతూ ఉంది: రిజిస్టరులో పేరెక్కితే పీఎఫ్ కట్ చేస్తారు, పీఎఫ్ కట్ అయిన ఇంటికి బియ్యం కార్డు పీకేస్తారు. ఎవరు పుట్టించారో తెలియదు. ఇప్పుడైతే ఎవరో తెలుసు, నిరూపించలేను, అంతే. ఆడవాళ్ళలో పదో తరగతి చదివింది నేనొక్కదాన్నే. కాబట్టి అందరి తరఫున నేనే ముందుకు పోయి గొప్పగా మాట్లాడాను.

"అన్నా, మా పేర్లు వద్దు. మా మొగోళ్ళ పేర్లు ఉండాయి కదా, చాలు."

"మీ ఇష్టమమ్మా, మళ్ళా నన్ననొద్దండి," అని గుమాస్తా పుస్తకం మూసేశాడు.

అతని ముఖంలో అంత నిమ్మళం ఎందుకొచ్చిందో ఆలోచించే బుద్ధి నాకు లేకపోయింది. పైగా అందరూ నన్ను మెచ్చుకున్నారు. బియ్యం కార్డులు కాపాడినదాన్ని కదా!

ఇక జీపు సంగతి. ఏడాదికి ఒకసారో రెండుసార్లో లేబర్ ఆఫీసు నుంచి తనిఖీకి జీపు వచ్చేది. గేటు దగ్గర వాచ్‌మన్ "జీపూ!" అని ఒక కేక పెట్టేవాడు. వెంటనే ఆడవాళ్ళమంతా నీళ్ళ పైపు కింద చేతులు కడుక్కుని, తలకు కట్టిన గుడ్డలు విప్పేసి, గోడ మేకులకు తగిలించిన అన్నం క్యారేజీలు అందుకుని, బయట కానుగ చెట్టు కింద వరసగా కూర్చోవాలి. మొగుళ్ళకు అన్నం తెచ్చిన ఇల్లాళ్ళం అన్నమాట. మాకది ఆటగా ఉండేది. పని మధ్యలో కాసేపు కూర్చోవడం దొరికేది. పక్క మిషను దగ్గర పనిచేసే అక్క ఒకామె ఉండేది, నోరు ఊరుకోని మనిషి. తొందరలో ఎవరిదో ఖాళీ క్యారేజీ పట్టుకొచ్చి ఒళ్ళో పెట్టుకునేది.

"యేం కూర తెచ్చినావు యక్కా?" అని నేను అడిగితే,

"మిషను బురదతో పులుసు పెట్టినా, మా ఆయనకు శానా ఇష్టం," అనేది.

కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్ళం.

ఒకసారి జీపు పొద్దున తొమ్మిదికే వచ్చింది. దిగినాయన మా దగ్గరికి నేరుగా వచ్చి, ఇంత పొద్దున్నే అన్నమేమిటమ్మా అన్నాడు. అందరూ తలలు దించుకున్నారు. నా నోరు ఊరుకోలేదు.

"మా ఆయన ఆకలికి తాళలేడు సార్, పొద్దున ఒకసారి, మద్దేన్నం ఒకసారి తెచ్చి పెట్టాల, అంతకుమించి నాకీడ పనేం ల్యా," అన్నాను.

ఆయన నవ్వలేదు. నేను చెప్పిందంతా ఒక కాగితం మీద రాసి, నాకు చదివి వినిపించి, సంతకం పెట్టగలవా అన్నాడు. మిగతా వాళ్ళయితే వేలిముద్ర వేసేవాళ్ళు. నేను ఇంటిపేరుతో సహా గుండ్రంగా రాశాను. ఆ సాయంత్రం సావుకారి నన్ను పిలిచి, "తెలివైనదానివమ్మా" అని మిఠాయి పొట్లం ఇచ్చాడు. ఇంటికి తీసుకుపోయి మామకు పెట్టి, జరిగింది నటించి చూపించాను. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం.

నా చేయి పోయిన రోజు ఏ విశేషమూ లేదు. పని మొదలై గంట కూడా కాలేదు. బండ తడిగా ఉంది. మామ కాలు బురదలో జారింది, అతని పక్క కిందికి పోయి బండ మొత్తం నా వైపు ఒరిగింది. కింద ఇనుప చట్రం, పైన బండ, మధ్యలో నా వేళ్ళు. ఈ విషయంలో మామను నేను ఏ రోజూ తప్పు పట్టలేదు. రాతి పనిలో ఎవరి కాలైనా జారుతుంది.

సావుకారి తన కారులోనే కర్నూలుకు తీసుకుపోయాడు. నేను వెనక సీట్లో మామ ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాను, చేతికి చుట్టిన తువ్వాలు తడిసిపోతూ ఉంది. ముందు సీట్లో నుంచి గుమాస్తా వెనక్కి తిరిగాడు.

"డాక్టరు అడిగితే ఇంటికాడ బండ పడిందని చెప్పండప్పా. ఫ్యాక్టరీలో అంటే పోలీసోళ్ళు రావాల, కాగితాలు కావాల, అంతవరకు చెయ్యి ముట్టుకోరు. వైద్యం లేటైతాది."

మామ తల ఊపాడు. ఆ నొప్పికి నేనూ ఊపాను. ఆ సమయంలో ఎవరు ఏం చెప్పినా ఊపేదాన్ని.

ప్రైవేటు ఆసుపత్రిలో పది రోజులు ఉన్నాను. మామ నన్ను చంటిపిల్లలా చూసుకున్నాడు, అది కూడా చెప్పాలి. అన్నం కలిపి ముద్దలు పెట్టాడు, తల దువ్వాడు, జడ వేయడం రాక రబ్బరు బ్యాండు వేసి వదిలేసేవాడు. సావుకారి రెండుసార్లు చూడటానికి వచ్చాడు. రెండోసారి కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నాడు.

"సూడమ్మా, చట్టానికి ఒక హద్దు ఉంటాది. ఇంత వయసు, ఇంత జీతం, ఇన్ని వేళ్ళు అని లెక్క కట్టి, ఇంతకు మించి ల్యా పో అంటాది. నా మనసుకు హద్దు యాడుండాది? నిన్ను నేను సూసుకుంటా. కేసులు, కాగితాలు మనకొద్దు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కట్టు లేని చేతిని నుదుటికి ఆనించి దండం పెట్టాను. ఆ దండం తలుచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

ఆసుపత్రి ఖర్చు ఆయనే పెట్టుకున్నాడు. తరవాత మూడు నెలలు మందులకు ఇచ్చాడు. నాలుగో నెల నుంచి గుమాస్తా ఫోను ఎత్తడం మానేశాడు. మామ అప్పటికే వేరే మగవాడిని జోడీగా పెట్టుకుని అదే షెడ్డులో పనిచేస్తున్నాడు. అడగమంటే రేపు, ఎల్లుండి అనేవాడు. చివరికి నేనే పోయాను. నాకు పెద్ద ఆశలు లేవు. బండ ఎత్తలేను, మగ్గం దగ్గరకు పోయినా ఆ రెండు వేళ్ళతో పోగు అతకలేను. ఇంటి ముందర ఒక చిల్లర అంగడి పెట్టుకుంటే బతికిపోతాను, అంతే.

సావుకారి కుర్చీ వెనక గోడకు ఒక ఫోటో ఉంది. కటింగ్ మిషను మీద కాలి వేళ్ళు పోయిన ఒకతనికి ఆయన చెక్కు ఇస్తున్న ఫోటో. దాన్ని చూపించి మొదలుపెట్టాడు.

"ఈ అప్పకు నేను ఎంతిచ్చినానో లేబర్ ఆఫీసులో పోయి అడుగు. చట్టం ఎంత పెట్టిందో అంత. రూపాయి తక్కువ ల్యా, రూపాయి ఎక్కువ ల్యా. నా రిజిస్టరులో ఉండే మనిషికి నేను తక్కువ చేసినానని ఒక్కరు చెప్పమను, ఈ గేటుకు తాళం ఏసి పోతా."

"మరి నాకు సావుకారీ?"

"నీకేంటికి ఇయ్యాలమ్మా? నువ్వు నా పనిమనిషివి కాదు కదా. మనిషన్న పాపానికి ఆసుపత్రి కట్టినా. ఇంగ యేం కావాల?"

ఆరేళ్ళు. ఆరేళ్ళు ఆ షెడ్డులో ఆయన బండలు మోశాను. ఆ మాట ఆయన గొంతు పెంచకుండా, టీ తాగుతూ, చాలా మామూలుగా అన్నాడు. బయటికి వచ్చి కానుగ చెట్టు కింద కూర్చుని ఏడ్చాను.

డోన్ బస్టాండు వెనక ఒక యూనియన్ పెద్దాయన ఉండేవాడు. ఆయన దగ్గరికి పోయి మొత్తం చెప్పాను, హద్దు లేని మనసు మాటతో సహా. ఆయన నవ్వాడు, కోపంగా నవ్వాడు.

"పిచ్చిదానివమ్మా నువ్వు. చట్టంలో జీతం లెక్కకు హద్దు ఉండాది, నిజమే. ఎంత జీతమున్నా ఇంతవరకే లెక్కేస్తామంటాది. అయితే ఆ హద్దు దాకా అది నీ సొత్తు. ఎవురూ దయ తలిచి ఇచ్చేది కాదు. వయసు ఎంత, జీతం ఎంత, డాక్టరు రాసిన శాతం ఎంత, ఈ మూడూ చూసి కట్టిస్తారు. ఆయన మనసుకు హద్దు ల్యా అన్నాడా? ల్యాకపోతే కొలిచేది ఎట్ల?"

తరవాత ఆయన అసలు ప్రశ్న అడిగాడు. "రిజిస్టరులో నీ పేరు ల్యా. నువ్వు పనిచేసినావని ఎవురు చెప్తారు?"

"నా మొగుడు చెప్తాడు," అన్నాను. అంత ధైర్యంగా నా జీవితంలో ఇంకే మాటా అనలేదు.

ఆ సాయంత్రం మామను అడిగాను. అన్నం తింటున్నవాడు తల ఎత్తి, "చెప్పకుంటే యెట్ల? నా కండ్ల ముందర జరిగినది నేను చెప్పకుంటే ఎవురు చెప్తారు?" అన్నాడు. అది నా చెవులతో విన్నాను. పక్క మిషను అక్క కూడా వచ్చి చెబుతానంది.

లేబర్ ఆఫీసులో నష్టపరిహారం కోసం దరఖాస్తు పెట్టాం. వాయిదాలు పడుతూ పోయాయి. విచారణకు రెండు వారాల ముందు మామ ఇంటికి నవ్వుకుంటూ వచ్చాడు. సావుకారి అతన్ని మేస్త్రిని చేశాడంట, ఇక బండలు మోయక్కర్లేదంట, మోసేవాళ్ళను చూసుకుంటే చాలంట. కేసు పెట్టిన దాని మొగుడిని ఎవరైనా మేస్త్రిని చేస్తారా? నాకు ఆ అనుమానం రావాలి కదా! రాలేదు. నేను ఎడమచేత్తో పిండి పిసికి, పూర్ణం పెట్టి ఒత్తి, రెండు గంటలు కష్టపడి, మామకు ఓళిగలు చేసి పెట్టాను.

విచారణ కర్నూలులో. పొద్దున బస్సుకు పోయాం. పక్క మిషను అక్క రాలేదు. ఫోను చేస్తే, "మా ఆయన వొద్దంటాండాడు మే, ఏమనుకోవొద్దు" అని పెట్టేసింది. పోనీలే, మామ ఉన్నాడు కదా అనుకున్నాను.

ఆఫీసరు ఒక పెద్దావిడ. నెమ్మదిగా మాట్లాడే మనిషి. నేను చెప్పిందంతా ఓపికగా రాసుకుంది. తరవాత సావుకారి తరఫు లాయరు ఒక కాగితం తీసి ఆమె ముందర పెట్టాడు. ఆమె చదివి నా వైపు తిప్పింది.

"ఈ సంతకం నీదేనా అమ్మా?"

ఇంటిపేరుతో సహా గుండ్రంగా ఉంది. జీపులో వచ్చినాయన రాసుకున్న కాగితం. నా భర్తకు రోజూ రెండు పూటలా అన్నం తెచ్చి ఇస్తాను, ఫ్యాక్టరీలో నేను పని చేయను, అని నా మాటలే.

"నాదే మేడం. కానీ అది... జీపు వస్తే మమ్మల్ని అట్ల కూర్చోమనేవాళ్ళు. ఊరికే చెప్పినాము."

"అయితే ఆ రోజు అబద్ధం చెప్పినారా, ఈ రోజు చెప్తాండారా?" అన్నాడు లాయరు.

నా తెలివికి నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. ఆఫీసరమ్మ అతన్ని ఆగమని, మామను ముందుకు పిలిచింది.

"ఈమె మీ భార్య కదా. ఈమె ఫ్యాక్టరీలో మీతో కలిసి పనిచేసేదా?"

మామ నా వైపు చూడలేదు. సావుకారి వైపు కూడా చూడలేదు. గోడ మీద ఫ్యాను స్విచ్చు వైపు చూశాడు.

"లేదు మేడం. అన్నం తెచ్చేది."

నేను తప్పుగా విన్నానేమో అనుకున్నాను. ఆమె కూడా అట్లాగే అనుకుందేమో, మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పాడు.

"మరి చేయి ఎట్లా నలిగింది?"

"క్యారేజీ ఇచ్చేదానికి మిషను కాడికి వచ్చింది. వద్దన్నా వినలే. అడ్డమొచ్చింది."

"బండ ఎత్తడానికి ఇద్దరు కావాలంటున్నారు. మీతో ఇంకో పక్క ఎవరు పట్టుకున్నారు?"

"నేనొక్కణ్ణే మేడం."

"అంత బండను ఒక్కరే ఎత్తుతారా?"

"ఎత్తుతా మేడం."

లాయరు కూడా తల దించుకున్నాడు, నవ్వు ఆపుకోవడానికో ఏమో. నేను లేచి నిలబడ్డాను. "మామా, నా మొగం సూసి చెప్పు!" అని అరిచాను. ఆఫీసరు అంటే భయం లేదు, ఎవరన్నా భయం లేదు. "ఆరేండ్లు రెండో పక్క పట్టుకున్నది ఎవురు? దయ్యం పట్టుకునిందా? నా మొగం సూసి చెప్పు!" అతను చూడలేదు. ఆమె నన్ను కూర్చోమని నీళ్ళు ఇప్పించింది. నాకు నీ మీద నమ్మకం ఉండటం వేరు, కాగితం మీద రుజువు వేరు అమ్మా, అని మెల్లగా చెప్పింది. ఆమెను నేనేమీ అనను.

తిరుగు బస్సులో ఒకే సీట్లో కూర్చున్నాం. వేరే ఎక్కడికి పోతాను? దారిలో మామ సంజాయిషీ మొదలుపెట్టాడు. మేస్త్రి పని పోతుందన్నాడు. కేసు గెలిస్తే ఫ్యాక్టరీకి సీలు వేస్తారంట, అన్ని జోడీలూ రోడ్డున పడతాయంట అన్నాడు. సావుకారి మనల్ని వదిలిపెట్టడు, ఏదో ఒకటి చేస్తానని మాటిచ్చాడు అన్నాడు. "నువ్వు మొన్న నాకు ఇచ్చిన మాట యేమైంది?" అని అడిగితే కిటికీ అద్దం జరిపి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నన్ను భుజాల మీద మోసిన మనిషి. పరాయివాడు చేసి ఉంటే ఇంత కడుపు మండేది కాదు. సావుకారి నన్ను మోసం చేశాడు, సరే, సావుకార్లు చేస్తారు. ఈ మనిషి నా రక్తం.

ఉత్తర్వు పోస్టులో వచ్చింది. యజమానికీ నాకూ పని సంబంధం రుజువు కాలేదని, భర్తకు భోజనం అందించడానికి వచ్చిన సమయంలో దెబ్బ తగిలిందని రాసి ఉంది. దరఖాస్తు కొట్టేశారు. యూనియన్ పెద్దాయన అది రెండుసార్లు చదివి, ఇంకొక్క దారి ఉందన్నాడు. పైకోర్టుకు పోవచ్చు, గడువు ఉంది. అయితే ఊరికే పోతే నిలబడదు. నీ మొగుడు ఆ రోజు భయపడి అబద్ధం చెప్పినానని, ఆరేళ్ళూ నువ్వే జోడీగా పనిచేశావని ప్రమాణం చేసి సంతకం పెడితే మళ్ళీ విచారించమని అడగడానికి మనకు ఒక ఆధారం దొరుకుతుంది అన్నాడు. స్టాంపు కాగితం మీద ఆయనే టైపు చేయించి ఇచ్చాడు. మొత్తం కలిపి ఎనిమిది వరసలు. కింద మామ పేరు, పైన సంతకానికి ఖాళీ.

ఆ కాగితాన్ని ఒక పెన్నుతో సహా రోజూ మామ కంచం పక్కన పెట్టేదాన్ని. అరవలేదు, ఏడవలేదు. పెట్టేదాన్ని, అంతే. అతను కూర మరక పడకుండా దాన్ని జాగ్రత్తగా పక్కకు జరిపి, తిని, చేయి కడుక్కుని పోయేవాడు. రోజులు గడిచిపోతున్నాయి. పెద్దాయన రెండుసార్లు ఫోను చేశాడు. మూడోసారి, రేపు సాయంత్రం లోపల తెస్తే తెచ్చినట్టు, లేకపోతే ఇక లేదమ్మా అన్నాడు.

మరుసటి రోజు మామ అన్నానికి కూర్చున్నప్పుడు కాగితం కంచం పక్కన కాదు, కంచంలోనే పెట్టాను. అన్నం వడ్డించలేదు.

"ఈ రోజే ఆఖరు మామా. సంతకం పెట్టు. దుడ్లు వచ్చినా రాకున్నా నాకు బాధ ల్యా. ఈమె పనిచేసింది అని నీ చేత్తో రాసి ఇయ్యి. అది చాలు నాకు."

చాలాసేపు కాగితం చూశాడు. పెన్ను చేతిలోకి తీసుకున్నాడు కూడా. తరవాత కింద పెట్టేశాడు.

"సూడు మే. నీకు ఎట్లాగూ చెయ్యి పోయె. అది మళ్ళా రాదు. ఇది ఇస్తే నాకు పని పోతాది. ఇద్దురం పోగొట్టుకుంటే యేం తిని బతకాల?"

"నాకూ పనే పోయింది మామా. నీది పోతే తెలుస్తాది, నాది పోతే తెల్యాదా?"

మామ తల ఎత్తి నా ముఖం చూశాడు. కేసు మొదలైనాక అతను నా ముఖం సూటిగా చూడటం అదే మొదటిసారి. కోపం లేదు ఆ చూపులో. భయం కూడా లేదు, ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం, సావుకారి లేడు, లాయరు లేడు. నేనేదో అర్థం కాని మాట అన్నట్టు నుదురు ముడిచాడు.

"నాకు సాయం చేస్తాంటివి, నీకు పని యాడిది మే?"

ఎగతాళికి అన్నాడేమోనని కళ్ళలోకి చూశాను. కాదు. నిజంగానే అడుగుతున్నాడు. ఆ నిమిషం దాకా నా మొగుడు అబద్ధం చెప్పాడనే అనుకుంటూ ఉన్నాను. అబద్ధం చెప్పినవాడికి లోపల ఎక్కడో నిజం గుర్తుంటుంది కదా, ఒక రోజు కాకపోతే ఒక రోజు బయటికి తీయొచ్చని ఆ కాగితం అన్ని రోజులు పట్టుకుని కూర్చున్నాను.

కంచంలో నుంచి కాగితం తీసేశాను. అతను అన్నం కోసం చూస్తూ ఉన్నాడు.